నిరుడు ఈ చేలో ఏం వేశారు?

సేంద్రియ సరుకులమ్మే దుకాణాల్లో ఈమధ్య కందిపప్పు డబ్బా పక్కన ఒక కాగితం కూడా కనిపిస్తోంది. ల్యాబు రిపోర్టు జిరాక్సు అది. నోరు తిరగని మందుల పేర్లు వరసగా ఉంటాయి, ప్రతి పేరు ఎదుటా ‘లేదు’ అని ఉంటుంది. "టెస్టు చేయించామండీ, ఒక్క మందూ తేలలేదు. ఐరోపాకు పంపే రకం సరుకు" అంటాడు కొట్టు యజమాని. కొనే ఆవిడ మారు మాట్లాడకుండా సంచీ చాపుతుంది.

ఆ కాగితం వెనక ఒక సిద్ధాంతం ఉంది. మందు అవశేషం సున్నా అయితే సేంద్రియం, సున్నా కాకపోతే మోసం. ఐరోపా సమాఖ్య వాళ్ళు కఠినులు కాబట్టి, పచ్చటి రంగు మీద నక్షత్రాలతో గీసిన వాళ్ళ ఆకు గుర్తు ఉందంటే ల్యాబు ఆ సున్నాను తేల్చినట్టే. ఎగుమతిదారుడూ ఇదే అంటాడు, పట్నంలో కొనుక్కునేవారూ ఇదే నమ్ముతారు. సేంద్రియాన్ని ఎద్దేవా చేసేవారు సైతం ఈ కొలబద్దనే పట్టుకుని "ఇదిగో, మీ సేంద్రియ మిరపలోనూ మందు తేలింది" అని కాగితం ఊపుతారు.

ముగ్గురిదీ తప్పే. సేంద్రియం అన్నది సాగు తీరుకు పెట్టిన పేరు. గింజలో ఏముందో, ఏం లేదో చెప్పడానికి పెట్టిన పేరు కాదు. ఐరోపా చట్టం పుట్టిననాటి నుంచీ చెబుతున్నది ఇదే. దాన్ని పొగిడేవాళ్ళూ, తిట్టేవాళ్ళూ, కొంతవరకు నడిపేవాళ్ళూ ఆ మాట మరిచిపోయారు. ఆ మరుపు ఖర్చు మాత్రం చిన్న రైతు ఖాతాలో పడుతోంది.

ముందు చట్టాన్ని చూద్దాం. సేంద్రియ సాగుపై ఐరోపా మొదటి ఉమ్మడి నిబంధన 1991లో వచ్చింది, సంఖ్య 2092/91. పంటలతో మొదలై 1999లో పశువుల దాకా విస్తరించింది. అందులో ఒక నియమం నేటి అమ్మకందార్లు చదివితే ఉలిక్కిపడతారు. తనిఖీ జరిగిందని తెలిపే ఆ గుర్తును చూపించి, ఈ సరుకు రుచిలోనో పోషణలోనో ఆరోగ్యంలోనో మేలైనదన్న హామీ ఉందని కొనుగోలుదారుకు తోచేలా లేబులు మీదా ప్రకటనల్లోనూ చెప్పకూడదని రాశారు. అంటే గుర్తు ఇచ్చినవాళ్ళే, అది దేనికి హామీ కాదో కూడా ముందే చెప్పారు. 2007లో వచ్చిన చట్టం గానీ, 2018లో చేసి 2022 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న ఇప్పటి 2018/848 గానీ ఈ మూలాన్ని మార్చలేదు. సేంద్రియ ఉత్పత్తి అంటే పొలాన్ని నడిపే మొత్తం పద్ధతి అన్నదే వాటి నిర్వచనం. పంట మార్పిడి చేయాలి. పప్పుజాతి పంటలు వేయాలి. పశువుల ఎరువు హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజని మించకూడదు. ఏడాది పంటల నేల అయితే రెండేళ్ళు, పళ్ళతోటలైతే మూడేళ్ళు సేంద్రియానికి మారే కాలంగా గడవాలి. ఇవన్నీ చేలో జరిగే పనులు. వీటిలో ఒక్కటి కూడా గింజను గాజు గొట్టంలో వేసి తేల్చగలిగింది కాదు.

నమ్మకం కుదరనివారికి రెండు ఉదాహరణలు చాలు.

నెదర్లాండ్స్‌లో గాజు ఇళ్ళలో టమాటా పండిస్తారు. రాతిని కరిగించి దూదిలా తీసిన నారలో వేళ్ళుంటాయి, గొట్టాల్లోంచి లెక్క ప్రకారం పోషకాల నీళ్ళు పారతాయి, తెల్లదోమను పట్టడానికి మిత్ర పురుగులను వదులుతారు. అవశేషమే తేలని పండు అలా పండించడం సాధ్యమే. ల్యాబు దానికి నూటికి నూరు మార్కులు వేస్తుంది. అయినా ఐరోపా చట్టం దాన్ని సేంద్రియం అనదు, ఎందుకంటే అక్కడ మట్టి లేదు. అమెరికాలో మట్టి లేని సాగుకు కూడా సేంద్రియ ముద్ర దొరుకుతోంది. ఐరోపాలో దొరకదు. సున్నా అవశేషమే సేంద్రియమైతే ఈ నిషేధానికి అర్థం ఏముంది?

రెండోది ద్రాక్షతోట. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మన బత్తాయి రైతుకు కొత్త కాదు. పుట్టిల్లు ఫ్రాన్సు. సేంద్రియ ద్రాక్షకు బూజు తెగులు వస్తే నేటికీ రాగి మందులే దిక్కు. చట్టం వాటిని ఒప్పుకుంటుంది, ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోల రాగి దాటకూడదన్న పరిమితితో. రాగి లోహం. ఎండకీ వానకీ విరిగి మాయమైపోయే సరుకు కాదు, నేలలో పేరుకుంటుంది, మోతాదు మించితే వానపాములకు చేటు. అంటే సేంద్రియం ‘మందే కొట్టని’ సాగు కాదు. ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నదానికి కట్టుబాటు ఉన్న సాగు. అనుమతి ఉన్న మందు కాబట్టి ‘నిషిద్ధ మందులు లేవు’ అనే కాగితంలో రాగి దోషంగా ఎక్కదు. నేలకు నిజంగా భారమయ్యేది కాగితంలో కనబడదు. నేలకు సంబంధమే లేని ధూళి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునేవారి చేతికి తూకం ఇస్తే ఇలాగే ఉంటుంది.

ఇక ఆ ధూళి సంగతి. జర్మనీ సహజాహార వర్తకుల సంఘం 2001లో సేంద్రియ సరుకుకు ఒక సూచిక విలువ పెట్టుకుంది, కిలోకు 0.01 మిల్లీగ్రాము. అది దాటితే సరుకు చెడ్డదని అర్థం కాదు, ఎందుకు దాటిందో వెతకండి అని అర్థం. పేరులోనే ‘సూచిక’ ఉంది. బజారు దాన్ని గీత చేసేసింది. ఆ గీత ఎంత సన్ననిదో ఊహించుకోండి. పది టన్నుల ఎండుమిర్చి లారీ మొత్తంలో గ్రాములో పదో వంతు. చిటికెడు ఉప్పు అంతకంటే బరువు తూగుతుంది.

ఆ కాస్త ఎక్కడి నుంచి వస్తుంది? మన పల్నాడు చేను ఒకటి తీసుకుందాం. గట్టుకు ఇవతల కషాయాలతో పండించే మిరప, అవతల పక్కవాళ్ళ మిరప. ఆయన వీపున తైవాన్ పంపు తగిలించుకుని తెల్లారకముందే మందు కొడుతున్నాడు. కొట్టవద్దనే హక్కు ఇవతలి రైతుకు లేదు. గాలి ఇటు తిరిగింది, అంతే. కల్లంలో కాయ ఎండేటప్పుడు నీరు పోయి కాయ బరువు తగ్గుతుంది, అంటుకున్న మందు పోదు, కాబట్టి కిలోకు పడే పాలు పెరుగుతుంది. ఆ లెక్క తీసి పచ్చికాయకు సరిపోల్చే పద్ధతి ఉంది గానీ, దాని కోసం పట్టుబట్టే ఓపిక కొనుగోలుదారుకు ఉండాలి.

గాలి ఒక్కటే కాదు. గుమ్మడి, దోస జాతులు దశాబ్దాల కిందట వాడి మానేసిన డీల్డ్రిన్ లాంటి మందులను సైతం నేల నుంచి పీల్చుకుంటాయి. తాత కొట్టిన మందు మనవడి గుమ్మడికాయలో తేలుతుంది. క్లోరేట్ ఒకప్పటి కలుపుమందు, ఐరోపా దాన్ని ఇప్పటికీ పురుగుమందుల లెక్కలోనే చూస్తుంది. కానీ క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళతో కూరగాయలు కడిగినా అది రావచ్చు. జర్మనీ బ్రాండెన్‌బర్గ్‌లో పెండిమెథాలిన్, ప్రోసల్ఫోకార్బ్ అనే కలుపుమందులు ఆవిరై గాలిలో దూరం ప్రయాణించి సేంద్రియ సోంపు చేలను పాడుచేసిన గొడవ తెలిసిందే. ఆ రైతులు ఏ తప్పు చేశారు? పొలం గాలి వాటున ఉంది, అంతే.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. ఎకరం చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. పక్క చేల మందు తుంపర నాలుగు వైపుల నుంచీ పది మీటర్ల లోపలికి పడుతుందనుకుందాం. ఆ ఎకరంలో 53 శాతం అంచులోనే పోయింది. అదే వంద ఎకరాల కమతమైతే పోయేది 6 శాతం. కాబట్టి ‘సున్నా’ అనేది అందరికీ సమానమైన ప్రమాణం కాదు. అది పెద్ద కమతానికి తేలిక, చిన్న చెలకకు గండం. సున్నా కావాలనే ఎగుమతిదారు ఏం చేస్తాడు? చుట్టూ మందు కొట్టే పల్నాడును వదిలి అడవి అంచున ఉన్న కొండ చేలకు పోతాడు. మందుల వాడకం తగ్గాల్సింది ఎక్కడో అక్కడి నుంచే సేంద్రియం తరలిపోతుంది. ఆ కొలబద్ద సాధించేది ఇదే.

ఐరోపాలో ఈ తగాదా జరగలేదనుకోకండి. 2014 మార్చిలో ఐరోపా కమిషన్ కొత్త చట్టానికి ముసాయిదా తెచ్చింది. అప్పటి వ్యవసాయ కమిషనర్ దాచియన్ చొలోష్. అనుమతి లేని మందు పసిపిల్లల ఆహారానికి పెట్టిన హద్దు దాటి తేలితే, కారణంతో పని లేకుండా ఆ సరుకు సేంద్రియ పేరు కోల్పోవాలని అందులో ప్రతిపాదించారు. వినడానికి బాగుంది. సేంద్రియ రైతు సంఘాలు, జర్మనీ లాంటి దేశాలు ఎదురు తిరిగాయి. పక్కవాడి తప్పుకు మేం దండుగ కట్టాలా అన్నది వాళ్ళ ప్రశ్న. పార్లమెంటు తరఫున బేరం నడిపిన మార్టిన్ హొయిస్లింగ్ స్వయంగా సేంద్రియ రైతు. మూడేళ్ళకు పైగా లాగులాట జరిగాక 2018 చట్టంలో ఆ హద్దు రాలేదు. వచ్చింది ఇది: మందు తేలితే సరుకును ఆపి దర్యాప్తు చేయాలి, ఎలా వచ్చిందో తేల్చాలి. రైతు నిషిద్ధ మందు వాడాడనో, తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదనో తేలితేనే గుర్తు పోతుంది. అంటే అవశేషం ఫిర్యాదు మాత్రమే. తీర్పు కాదు.

కానీ తలుపు వేసి గడియ పెట్టలేదు. అప్పటికే సొంత హద్దులున్న దేశాలు వాటిని ఉంచుకోవచ్చన్నారు. ఇటలీ 2011 ఉత్తర్వుతో 0.01 గీతనే పట్టుకుంది. ఒకే మందు, ఒకే మోతాదు. దర్యాప్తులో రైతు తప్పు లేదని తేలితే జర్మనీలో పండిన సరుకు సేంద్రియంగానే నిలుస్తుంది, ఆల్ప్స్ అవతల ఇటలీలో పండిన సరుకు మామూలు సరుకైపోవచ్చు. ఉమ్మడి మార్కెట్టుకు ఉమ్మడి ఆకు అని చెప్పుకునేవారికి ఇది శోభనిచ్చే విషయం కాదు.

ఎదుటి వాదంలో బలం లేదనను. ఉన్న బలాన్నే తీసుకుందాం. 2020 సెప్టెంబరులో బెల్జియం హెచ్చరికతో భారత్ నుంచి వెళ్ళిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడింది. ఐరోపా హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాములు. కొన్ని లోడ్లలో దానికి వెయ్యి రెట్లకు పైగా తేలింది. వాటిలో సేంద్రియ ముద్ర ఉన్నవీ ఉన్నాయి. మన తనిఖీ సంస్థల్లో ఐదింటికి ఐరోపా గుర్తింపు తీసేసింది. "చూశారా, టెస్టు లేకపోతే ఇది దొరికేదా?" అంటారు. దొరికేది కాదు. ఒప్పుకుంటాను. కానీ అది పక్క చేలోంచి గాలికి వచ్చిన మందు కాదు. గోదాములో సాల్మొనెల్లా క్రిమిని చంపడానికి పట్టించిన వాయువు. ఐరోపాలో ఆహారానికి అది 1991 నుంచే నిషిద్ధం. నువ్వులు పండించిన రైతుకు దానితో సంబంధమే లేదు. టెస్టు దొంగతనం జరిగిందని చెప్పింది. ఎక్కడ జరిగిందో చెప్పింది గోదాము, బిల్లులు, రవాణా కాగితాలు. వెయ్యి రెట్లు తేలిన చోట టెస్టు పనికొచ్చిందని, గ్రాములో పదో వంతు తేలిన చోట దాన్నే న్యాయమూర్తిని చేయడం ఏ న్యాయం?

తిరగేసి కూడా చూడండి. 2011 డిసెంబరులో ఇటలీలోని వెరోనాలో ఆర్థిక నేరాల పోలీసులు ఒక పెద్ద ముఠాను పట్టారు. మామూలు ధాన్యానికి, సోయాకు దొంగ ధ్రువపత్రాలు తగిలించి సేంద్రియమని అమ్మారు. సరుకు విలువ సుమారు 22 కోట్ల యూరోలు. ఆ వ్యాపారం ఏళ్ళ తరబడి సాగింది. మామూలు గింజల్లోనూ చాలా వాటిలో అవశేషం తేలదు, అందుకే ల్యాబు ముందు అవి నిశ్చింతగా నిలబడతాయి. వాళ్ళను పట్టించింది బిల్లులు, పత్రాల లెక్క. ఎన్ని ఎకరాల్లో ఎంత పండింది, ఎంత అమ్మారు అన్న పాత కరణం ప్రశ్నకు ఏ యంత్రమూ సాటి రాదు.

"అయినా కొనేవాడు డబ్బు పెట్టేది మందు లేని తిండికే కదా" అన్నది మరో మాట. సేంద్రియ సరుకులో అవశేషాలు మామూలు సరుకులో కంటే తక్కువే. ఐరోపా ఏటేటా చేసే పరీక్షల్లో అది కనిపిస్తూనే ఉంది. అయితే అది సాగు తీరువల్ల వచ్చే ఫలం. ఫలాన్నే నిర్వచనం చేస్తే చెట్టును మరిచిపోతాం. కొనేవారికి కావలసింది కేవలం సున్నా అయితే గాజు ఇంటి టమాటా చాలు. సేంద్రియానికి ఎక్కువ ధర ఎందుకివ్వాలి?

అసలు ప్రమాదం ఇదే. సున్నా మీద కళ్ళు పెట్టినవాళ్ళకు చేను కనబడదు. ఐరోపా ఆడిటర్స్ కోర్టు 2024 సెప్టెంబరులో సేంద్రియ విధానంపై ఇచ్చిన నివేదిక చూడండి. 2014 నుంచి 2022 దాకా సేంద్రియ సాగుకు సుమారు 1,200 కోట్ల యూరోల సాయం అందింది, 2027 నాటికి మరో 1,500 కోట్ల దాకా అందబోతోంది. అంత డబ్బు తీసుకునే చోట, పంట మార్పిడి చేయని రైతుకు కూడా సాయం అందుతోందని ఆడిటర్లు తేల్చారు. సేంద్రియేతర విత్తనం వాడుకోవడానికి మినహాయింపులు మామూలైపోయాయన్నారు. పర్యావరణానికి ఎంత మేలు జరిగిందో కొలిచే ఏర్పాటే లేదన్నారు. 2030 నాటికి సాగునేలలో 25 శాతం సేంద్రియం కావాలని 2020లో ‘పొలం నుంచి పళ్ళెం దాకా’ విధానంలో రాసుకున్నారు. 2022కు వచ్చింది 10.5 శాతం. ఎకరాలు లెక్కపెట్టారు, అవశేషాలు లెక్కపెట్టారు. వరుసగా మూడేళ్ళు ఒకే పంట వేసిన చేను ముందు నిలబడి ‘ఇది సేంద్రియం కాదు’ అనే ధైర్యం మాత్రం చేయలేదు.

ఇక మందు కొట్టేవాడి సంగతి. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్నది ఐరోపా ఒప్పందంలోనే రాసుకున్న సూత్రం. ఆచరణలో జరిగేది వేరు. తుంపర రాకుండా జాగ్రత్త పడాల్సింది సేంద్రియ రైతే. కంచె చెట్లు పెంచాల్సింది, అంచు వరసలు వదులుకోవాల్సింది, సరుకు ఆగిపోతే నష్టపోవాల్సింది అతనే. మందుల వాడకాన్ని సగానికి తగ్గించాలని 2022లో కమిషన్ చట్టం ప్రతిపాదించింది. 2023 నవంబరులో పార్లమెంటు తిప్పికొట్టింది. 2024 ఫిబ్రవరిలో, ట్రాక్టర్లు రోడ్లెక్కిన రోజుల్లో, కమిషన్ దాన్ని వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. కొట్టేవాడి చేయి పట్టుకోలేని వ్యవస్థ, తుంపర పడ్డవాడి చేను మాత్రం ల్యాబుకు పంపుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

ఇదంతా మనకెందుకంటే, ముడి పంట సరుకుల మేరకు మన సేంద్రియ ప్రమాణాలు తమవాటితో సమానమని ఐరోపా 2006లో ఒప్పుకుంది. 2018 చట్టం ఆ ఏర్పాటుకు 2026 చివర గీత గీసింది. ఆ గడువు పొడిగించినా పొడిగించకున్నా, గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది. చిన్న రైతుల గుంపులకు కొత్త చట్టం పెట్టిన నియమాల్లో కొన్ని మెచ్చుకోదగ్గవి. గుంపు రైతులదే కావాలి, చట్టపరమైన సొంత ఉనికి ఉండాలి, 2,000 మందికి మించకూడదు. ఎగుమతిదారు జేబులో రైతుల జాబితా పెట్టుకుని తిరిగే పద్ధతికి ఇది దెబ్బ, మంచిదే. కానీ గుంపు సరుకంతా ఒకే లోడుగా కలిసే చోట, ఒక్క గట్టు మీదుగా వచ్చిన తుంపర అందరి డబ్బునూ రేవులో ఆపేస్తుంది. మొదటి దెబ్బకే గుంపు విడిపోతుంది. అప్పుడు మిగిలేది వంద ఎకరాల ఆసామి.

మరో వింత చెప్పాలి. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ సంస్థ మానవాళికి మేలు చేసినందుకు ఇచ్చే బహుమతిని ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమానికి ఇచ్చింది. నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టు సెకెమ్ సంస్థ తోటి గ్రహీతలు. బహుమతి ఇచ్చినవాళ్ళు చూసింది ల్యాబు చిట్టీలు కాదు. నేలను కప్పి ఉంచే పంటలు, కలిపి వేసే విత్తనాలు, ఊరి మహిళా సంఘాలు మోసుకెళ్ళిన పద్ధతి. ఆ కార్యక్రమంలోని రైతు పండించిన పప్పు ఐరోపా ధ్రువపత్రం లేకుండా లిస్బన్ దుకాణంలో సేంద్రియమన్న పేరుతో అమ్ముడుపోదు. ధ్రువపత్రం ఉండాలనడంలో తప్పు లేదు. కానీ బహుమతి ఇచ్చేటప్పుడు చేను చూసిన ఖండం, సరుకు కొనేటప్పుడు చిట్టీ అడుగుతోంది.

పరీక్షలు వద్దని ఎవరూ అనరు. జ్వరం కొలిచేందుకు థర్మామీటరు కావాలి, జబ్బు పేరు దానితో తేల్చరు. మందు తేలితే వెతకాలి. ఎంత తేలింది, ఏ రకం, పక్క చేలో ఏముంది, గోదాము ఎవరిది అని అడగాలి. రైతు తప్పు లేదని తేలితే సరుకు సేంద్రియంగానే పోవాలి, ఆగినందుకు పరిహారం మందు అమ్మినవాడి నుంచో కొట్టినవాడి నుంచో రావాలి. ఇటలీకొక గీత, జర్మనీకొక దారి ఉండకూడదు. సాయం అందాలంటే పంట మార్పిడి రాసిన పుస్తకం చూపించాలి. అది లేనివాడు ఎన్ని ‘లేదు’ల కాగితం తెచ్చినా గుర్తు ఇవ్వకూడదు.

కొట్టు దగ్గరికే తిరిగి వస్తాను. ఈసారి యజమాని జిరాక్సు కాగితం చూపించినప్పుడు దాన్ని మడిచి తిరిగి ఇచ్చేసి ఒక్కటి అడగండి: "ఈ కంది పండిన చేలో నిరుడు ఏం వేశారండీ?" అతనికి తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే రైతుకు ఫోన్ చేస్తాడు. రైతు "నిరుడు సజ్జ, అంతకుముందు వేరుశనగ" అని తడుముకోకుండా చెప్పాడంటే సంచీ చాపవచ్చు.